ఫోటో ఎలా ఉందని అడిగితే ఏం చెప్పాలి, ఎవరైనా చెబితే ఎలా వినాలి

మీరు అడిగినవి మూడు సంగతులు. ఆదివారాలు కెమెరా పట్టుకుని తిరుగుతున్నారు. తీసినవి ఫోటో మిత్రులకు చూపిస్తే "సూపర్ అన్నా" అనో, "కంపోజిషన్ వీక్" (ఫ్రేములో అమరిక బలహీనంగా ఉంది) అనో ఒక ముక్క వస్తోంది. దాంతో ఏం చేసుకోవాలో తెలియడం లేదు. వాళ్లు తమ ఫోటోలు చూపించినప్పుడు మీకూ ఏం చెప్పాలో తోచడం లేదు, అందులోనూ పెద్దవాళ్లవైతే నోరు పెగలడం లేదు. చివరగా, సాలన్ పోటీలకు (జడ్జీలు ఎంపిక చేసే ఫోటో పోటీలకు) పంపితే నిజమైన అభిప్రాయం తెలుస్తుందా అన్నారు. ప్రశ్నతో పాటు భూదాన్ పోచంపల్లిలో తీసిన మగ్గం ఫోటో ఒకటి జత చేశారు. మంచి పని చేశారు. ఫోటో ఎదురుగా లేకుండా ఈ విషయం మాట్లాడితే అన్నీ గాలి మాటలే అవుతాయి. దాన్నే ముందు పెట్టుకుని చెబుతాను.

ఫోటో తీసిన మనిషికి దాని గురించి దాదాపు అన్నీ తెలుసు. గదిలో ఎంత ఉక్కగా ఉందో, మగ్గం చప్పుడు ఎలా ఉందో, ఆ పెద్దాయన ఏం మాట్లాడాడో, ఎంతసేపు కాచుకుంటే ఆ క్షణం దొరికిందో తెలుసు. తెలియనిది ఒక్కటే: ఇవేవీ ఎరగని మనిషి ఆ ఫోటో చూస్తే అతని కంటికి ఏం అందుతుంది అన్నది. తన ఫోటోను తానే కొత్తగా చూడటం ఎంత అనుభవం ఉన్నా కష్టం. రెండో మనిషి అవసరం అక్కడే. అందుకే ఎవరైనా ఫోటో చూపించి అడిగితే, తీర్పు సంగతి తర్వాత చూసుకోవచ్చు. ముందు నా కన్ను ఎక్కడికి వెళ్లింది, ఎక్కడ ఆగింది, ఎక్కడ దారి తప్పింది అన్నది ఉన్నదున్నట్టు చెప్పాలంటాను. ఆ కబురు తీసినవాళ్లకు ఇంకెక్కడా దొరకదు. కంపోజిషన్ సూత్రాలు కావాలంటే ఏ వీడియోలోనైనా దొరుకుతాయి.

ఇప్పుడు మీ ఫోటో. నేను చూసిన వరుసలోనే చెబుతాను.

తెరవగానే నా చూపు వెనక గోడ మీద వెలుగుతున్న ట్యూబ్‌లైటు మీద పడింది. ఫ్రేములో అన్నిటికంటే తెల్లగా ఉన్నది అదే. అక్కడి నుంచి దాని కింద వేలాడుతున్న క్యాలెండరు మీదకు వెళ్లింది, అందులో దేవుడి బొమ్మ రంగులు గాఢంగా ఉన్నాయి. ఆ తర్వాత కుడి అంచున సగం తెగి కనిపిస్తున్న నీలం ప్లాస్టిక్ కుర్చీ. ఆ తర్వాతే పెద్దాయన కనిపించారు. ఆయన ముఖం నీడలో ఉంది, కవళికలు చదవాలంటే కష్టపడాల్సి వచ్చింది. చివరికి ఆయన చేతులు చూశాను. చూశాక అక్కడి నుంచి కదలబుద్ధి కాలేదు. ఎడమ వైపు తలుపులోంచి వచ్చిన వెలుగు సరిగ్గా ఆయన మణికట్టు మీద, సగం నేసిన ఇకత్ గుడ్డ మీద పడుతోంది. తాడు లాగుతున్న చేయి కాస్త చెదిరింది, గుడ్డ అంచు దారాలు మాత్రం ఒక్కొక్కటి లెక్కపెట్టేంత పదునుగా ఉన్నాయి.

ఇంతవరకు నేను బాగుందని గానీ బాగాలేదని గానీ అనలేదు. అయినా మీకు చాలా సంగతి తెలిసిపోయి ఉంటుంది. మీరు చేతుల కోసం తీశారు. చూసేవాళ్లు చేతుల దాకా రావడానికి మూడు చోట్ల ఆగాల్సి వస్తోంది. "కంపోజిషన్ వీక్" అన్న పెద్దమనిషి బహుశా ఈ మాటే చెప్పాలనుకున్నారు. ఆయన చూపు తప్పేమీ కాదు, అయితే చెప్పిన రెండు మాటల్లో మీరు పట్టుకోవడానికి ఏమీ లేదు. ఫలానా చోట నా కన్ను ఆగింది అని ఉంటే మీరు ఆ చోటు చూసుకునేవారు.

ఆ తర్వాత కారణాల దగ్గరికి వెళ్లొచ్చు. మీ ఫోటో వివరాలు తెరిచి చూశాను: 18-55 లెన్సులో 24 మిల్లీమీటర్లు, 1/30 సెకను, ఐఎస్ఓ 1600. ముఖం ఎందుకు చీకటైందంటే, కెమెరా ఫ్రేమంతా కొలిచింది, ఆ కొలతలోకి ట్యూబ్‌లైటు వచ్చింది, దానికి లొంగి మొత్తం ఎక్స్‌పోజర్ (ఫోటోలోకి తీసుకునే వెలుగు) తగ్గించింది. ట్యూబ్‌లైటు ఫ్రేములో లేకపోతే ఇదే గదిలో ఆ ముఖం ఇంకాస్త తెరిపిగా వచ్చేది. గోడ మీద ఆకుపచ్చ ఛాయ కూడా దానిదే. తలుపులోంచి వచ్చే పగటి వెలుగు ఒక రంగు, ట్యూబు వెలుగు ఇంకో రంగు, రెంటికీ కలిపి ఒకే వైట్ బ్యాలెన్స్ (తెలుపు తెలుపుగా కనిపించేలా చేసే రంగు సర్దుబాటు) కుదరదు.

చేయి చెదరడం మీద మీకు ఎవరో "బ్లర్ వచ్చింది" అన్నారని రాశారు. దీన్ని జాగ్రత్తగా చూడాలి. చేతిలో పట్టుకుని తీసేటప్పుడు షట్టర్ వేగం లెన్సు ఫోకల్ లెంగ్త్‌కు (24 మిల్లీమీటర్లయితే సెకనులో 24వ వంతుకు) తగ్గకూడదని పాత లెక్క ఒకటుంది. మీ కెమెరా సెన్సర్ చిన్నది కాబట్టి 24ని 1.5తో గుణిస్తే 36, అంటే 1/40 సెకను దగ్గర ఉంటే మంచిది. మీది 1/30, గీతకు కాస్త కింద. కానీ గుడ్డ దారాలు పదునుగా ఉన్నాయి, మగ్గం గుంజ పదునుగా ఉంది. అంటే కెమెరా కదల్లేదు, చేయి మాత్రమే కదిలింది. తాడు లాగితే నాడె (అడ్డు దారాన్ని మోసుకెళ్లే ముక్క) అటూ ఇటూ పరుగెత్తే పని అది. ఆ కదలిక కనబడటం వల్లే ఆయన నిజంగా నేస్తున్నారని తెలుస్తోంది, కెమెరా కోసం కూర్చున్నట్టు లేదు. నేనైతే ఆ చెదిరిన చేతిని వదులుకోను. కాబట్టి "బ్లర్ వచ్చింది" అనే ముందు ఏది చెదిరింది, ఏది నిలిచింది అని చూడటం ఫీడ్‌బ్యాక్ ఇచ్చేవాళ్ల బాధ్యత. మొత్తం చెదిరితే అది చేతి వణుకు. ఒక్కటే చెదిరితే అది ఒక ఎంపిక అయి ఉండొచ్చు, అడగాలి.

మరి ఏం చేయొచ్చు? మీరు నిలబడి తీశారు, ఆయన గుంట మగ్గంలో నేల మట్టానికి కూర్చున్నారు. అందుకే ఫ్రేములో కింది భాగమంతా ఖాళీ నేల. మళ్లీ వెళ్తే మీరూ నేల మీద కూర్చోండి. రెండడుగులు ఎడమకు, తలుపు వైపు జరగండి. అక్కడి నుంచి కుర్చీ ఫ్రేము దాటిపోవాలి, ట్యూబ్‌లైటు మగ్గం గుంజ వెనక్కి వెళ్లే అవకాశం ఉంది. లైటు ఆపేయమని అడగొచ్చు కదా అంటారేమో. అది ఆయన పని చేసుకునే వెలుగు. రెండు నిమిషాలకు మర్యాదగా అడిగితే చాలామంది సరే అంటారు. కానీ ఆయన రోజూ ఎలా పనిచేస్తారో అలాగే చూపించాలన్నది మీ ఉద్దేశమైతే, లైటు వెలుగుతూనే ఉండనివ్వండి, మీరు జరగండి. ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్ (కెమెరా ఎంచుకున్న వెలుగును మనం సవరించే అమరిక) కాస్త పెంచి, రా ఫైలుగా (కెమెరా పట్టినదంతా దాచే ఫైలుగా) తీస్తే ముఖం నీడలోంచి బయటికి వస్తుంది.

ఇంకా రెండు మూడు చిన్న విషయాలున్నాయి గానీ చెప్పను. ఇది కూడా ఫీడ్‌బ్యాక్‌లో భాగమే. ఒక ఫోటోకు ఒక ముఖ్యమైన మాట, తప్పనిసరైతే రెండు. పది లోపాలు ఒక్కసారే ఏకరువు పెడితే విన్నవాళ్లు ఏదీ పట్టుకోలేరు, పైగా కెమెరా తీయాలంటేనే టెన్షన్ పడతారు. తర్వాతి ఆదివారం ఏ మాట చేతల్లోకి వస్తుందో ఆ ఒక్క మాట చెప్పడం మేలు.

ఇక పెద్దవాళ్ల ఫోటోల సంగతి. మన దగ్గర ఇది నిజమైన ఇబ్బంది. ఇరవై ఏళ్లుగా కెమెరా పడుతున్న మనిషి ఫోటో చూపిస్తే, మొన్న మొన్న మొదలుపెట్టినవాళ్లు "ఇక్కడ తప్పుంది సార్" అనలేరు, అనకూడదు కూడా. కానీ "సార్, నా కన్ను మొదట ఆ కుడి మూల తెల్లటి బకెట్ మీదకు పోయింది, అమ్మాయి ముఖం దాకా రావడానికి కాస్త టైమ్ పట్టింది" అని ఎవరైనా అనొచ్చు. అందులో పెద్దరికాన్ని తక్కువ చేసింది ఏమీ లేదు. మీ కన్ను గురించి మీరు చెప్పారు, అంతే. పైగా ఫోటోగ్రఫీ తెలియని కన్ను చెప్పే మాటకు ఒక ప్రత్యేకమైన విలువ ఉంది. సాంకేతికం తెలిసినవాళ్లు నాయిజ్ ఎంతుంది, ఏ లెన్సు వాడారు అని వెతుకుతారు. తెలియనివాళ్లు బొమ్మనే చూస్తారు. మీ అమ్మగారికి ఒక ఫోటో చూపించి "ఇందులో ఏం జరుగుతోంది?" అని అడిగి చూడండి. ఆవిడ చెప్పే కథ, మీరు తీసిన కథ ఒకటే అయితే ఫోటో పని చేసినట్టే.

మెచ్చుకోవడం గురించి కూడా ఒక మాట చెప్పాలి, ఎందుకంటే విమర్శ అంటే లోపాలు చెప్పడమేనని చాలామంది అనుకుంటారు. "సూపర్", "కేక", "నైస్ క్లిక్" వినడానికి బాగుంటాయి, వాటిని ఎవరూ మానక్కర్లేదు. కానీ వాటిలో నేర్చుకునేది లేదు. అదే "వెలుగు సరిగ్గా మణికట్టు దగ్గర ఆగింది, అక్కడి నుంచి గుడ్డ మీదకు జారింది, నాకు అదే నచ్చింది" అంటే, తీసినవాళ్లకు ఒక కొత్త సంగతి తెలుస్తుంది. వాళ్లు అది గమనించకుండానే తీసి ఉండొచ్చు. ఇకపై తలుపు పక్క వెలుగు కనబడితే గుర్తుపట్టి ఆగుతారు. మొదలుపెట్టిన కొత్తలో చాలా మంచి ఫోటోలు తెలియకుండానే పడతాయి, అవి ఎందుకు మంచివో ఎవరో ఒకరు విడమర్చి చెప్పకపోతే మళ్లీ పడవు. నా మటుకు నేను కొత్తవాళ్లకు లోపం కంటే ముందు ఇదే చెబుతాను. అది వాళ్లను బుజ్జగించడానికి చెప్పేది కాదు, వాళ్లకు ఎక్కువ ఉపయోగపడేది అదే.

ఇప్పుడు కాస్త కష్టమైన విషయం. ఫోటో ఎందుకు తీశారో తెలియకుండా సలహా ఇస్తే అది హాని కూడా చేయగలదు. దీనికి ఫోటోగ్రఫీ చరిత్రలోనే మంచి ఉదాహరణ ఉంది. 1936లో అమెరికాలో, కాలిఫోర్నియాలోని నిపోమో దగ్గర బఠాణీ కోసే కూలీల శిబిరంలో ఫోటోగ్రాఫర్ డొరోతియా లాంగ్ ఒక తల్లినీ పిల్లలనూ ఫోటోలు తీసింది. చెంపకు చెయ్యి ఆనించుకుని ఎటో చూస్తున్న ఆ తల్లి ఫోటో మీరూ చూసే ఉంటారు. అసలు నెగటివ్‌లో కుడివైపు కింది మూల గుడారం కర్ర పట్టుకున్న ఒక బొటనవేలు ఉంది. చూపును లాగుతోందని లాంగ్ తర్వాత దాన్ని చెరిపించింది. లాంగ్ పనిచేసిన ప్రభుత్వ ఫోటోగ్రఫీ విభాగానికి అధిపతి రాయ్ స్ట్రైకర్‌కు అది ససేమిరా నచ్చలేదు. ఆయన దృష్టిలో అది ప్రభుత్వ రికార్డు, జరిగినదానికి సాక్ష్యం, అందులో వేలు పెట్టకూడదు. లాంగ్ దృష్టిలో ముఖం దగ్గరికి చేరకుండా అడ్డుపడుతున్న చిన్న వస్తువు అది. ఇద్దరి మాటా సబబే. తేడా అంతా ఆ ఫోటో దేనికోసం అన్నదాంట్లో ఉంది.

మన సలహాల్లో సగం ఇలాంటి బొటనవేళ్ల గురించే. "ఆ కొమ్మ తీసేయ్", "ఆ వైరు క్లోన్ చేసెయ్" అని ఎంత తేలిగ్గా అంటామో గమనించండి. ఇంట్లో గోడకు పెట్టుకునే ఫోటో అయితే నిక్షేపంగా తీసేయొచ్చు. అదే పులికాట్‌లో తీసిన ఫ్లెమింగో ఫోటో సాలన్‌లో నేచర్ విభాగానికి పంపదలచుకుంటే, కొమ్మ చెరిపిన మరుక్షణం అది పోటీకి పనికిరాదు. ఆ విభాగం నియమాల ప్రకారం క్రాప్ చేయొచ్చు గానీ, ఉన్నది తీసేయడం, లేనిది చేర్చడం కుదరదు. వార్తా ఫోటోలకు పట్టింపు ఇంకా ఎక్కువ. 2010లో వరల్డ్ ప్రెస్ ఫోటో పోటీలో బహుమతి పొందిన ఒక ఫోటో శ్రేణిని, ఒక ఫోటోలో కనిపించిన ఒకరి పాదం ముక్కను చెరిపినందుకు పోటీ నుంచి తీసేశారు. కాబట్టి సలహా ఇచ్చే ముందు "ఇది దేనికోసం తీశారు?" అని ఒక్క ప్రశ్న వేయండి. జవాబు విన్నాక మీరు చెప్పదలచుకున్నది మారిపోవచ్చు.

సూత్రాలను కూడా ఈ కోణంలోనే చూడాలి. మీకు ఒకరు రూల్ ఆఫ్ థర్డ్స్ (ఫ్రేమును నిలువునా అడ్డంగా మూడేసి భాగాలు చేసి, ముఖ్యమైనదాన్ని ఆ గీతల దగ్గర పెట్టమనే సూత్రం) పాటించలేదని రాశారన్నారు. ఆ పేరుతో సూత్రాన్ని 1797లో రాసిన జాన్ థామస్ స్మిత్ మాట్లాడింది ప్రకృతి దృశ్యాల చిత్రలేఖనం గురించి, అప్పటికి కెమెరా ఫోటో అన్నదే లేదు. అది పనికొచ్చే అలవాటే, కాదనను. కానీ మీ మగ్గం ఫోటోకు ఉన్న సమస్య గళ్లలో పడకపోవడం కాదు. సూత్రం పేరు చెబితే సమస్య చెప్పినట్టు కాదు. ఎక్కడ ఏం జరుగుతోందో చెప్పాలి.

చెప్పే ముందు ఫోటోను సరిగ్గా చూశారా అన్నది కూడా ముఖ్యం. వాట్సాప్‌లో మామూలుగా పంపితే ఫోటో సైజు తగ్గిపోతుంది, సన్నటి వివరాలు పోతాయి. దాన్ని చూసి "షార్ప్‌నెస్ లేదు" అంటే ఆ లోపం ఎవరిది? డాక్యుమెంటుగా పంపమని అడగండి. రాత్రి పూట ఫోన్‌లో కంటికి హాయిగా ఉండాలని పసుపు తెర పెట్టుకుంటాం కదా, అది తీసేసి రంగుల గురించి మాట్లాడండి. ఎండలో బస్టాపులో నిలబడి బ్రైట్‌నెస్ గురించి అభిప్రాయం చెప్పకండి. ఇవి చిన్న విషయాలే, కానీ తప్పుడు సలహాలు చాలావరకు ఇక్కడే పుడతాయి.

మనుషుల ఫోటోల దగ్గర ఇంకో సంగతి గట్టిగా చెప్పాలనిపిస్తోంది. మన ఇళ్లలో పెళ్లి ఆల్బమ్ తెరవగానే వచ్చే మొదటి మాట "ముఖం నల్లగా వచ్చింది". దాంతో ఫోటోగ్రాఫర్లు ముఖాలకు తెల్లటి పూత పూసి పంపడం మొదలుపెట్టారు. చర్మం మీది గీతలు, పుట్టుమచ్చలతో సహా మాయమై, పెళ్లికూతురు మైనపు బొమ్మలా కనిపిస్తుంది. ఫీడ్‌బ్యాక్ ఇచ్చేవాళ్లు ఇక్కడ రెంటినీ విడదీయాలి. ముఖం మీద వెలుగు చాలకపోతే అది ఎక్స్‌పోజర్ లోపం, చెప్పాల్సిందే. మనిషి ఛాయ చామన అయితే అది లోపం కాదు, దాన్ని మార్చమనడం సలహా కాదు. చామన ఛాయ ముఖానికి పక్క నుంచి వచ్చే మెత్తటి వెలుగు ఎంతో బాగుంటుంది, చెంప ఎముక మీద ఒక మెరుపు తెస్తుంది. అందుకే "నల్లగా వచ్చింది" అనే బదులు "కళ్ల కింద నీడ బాగా ఉంది, ముఖం కాస్త కిటికీ వైపు తిప్పి ఉంటే వెలుగు అందేది" అనండి. అప్పుడు మాట వెలుగు మీద ఉంటుంది, మనిషి మీద ఉండదు. ఫోటోలో ఉన్నవాళ్లు కూడా ఆ మాటలు చదవొచ్చని గుర్తుంచుకోండి.

ఆ వరుసలోనే ఇంకొకటి. పేదవాళ్లను, పిల్లలను, పనిలో ఉన్నవాళ్లను తీసిన ఫోటో చూపించినప్పుడు "వాళ్లకు చెప్పి తీశారా?" అని అడగడం తప్పు కాదు. అది ఫోటో నాణ్యతకూ సంబంధించిన ప్రశ్నే. చెప్పి, కాసేపు కూర్చుని, మాట కలిపి తీసిన ఫోటోలో ముఖం వేరుగా ఉంటుంది. మీ పోచంపల్లి పెద్దాయనకు ఒక ప్రింటు పంపండి.

ఇప్పుడు తీసుకునే వైపు. దీనికి మొదటి మెట్టు మీరు అడిగే తీరు. "ఎలా ఉంది?" అని అడిగితే "బాగుంది" అని వస్తుంది, అది మనుషుల మర్యాద. అదే "ఇందులో మీ కన్ను మొదట ఎక్కడికి పోయింది?" అని గానీ, "ముఖం కనిపించకపోయినా చేతులు సరిపోతాయా?" అని గానీ అడిగితే జవాబు వేరుగా ఉంటుంది. ఒక్కసారి ఇరవై ఫోటోలు పెట్టకండి. మీరు ఒకటి ఎంచుకోలేదంటే ఆ పని ఎదుటివాళ్ల మీద వేసినట్టే, అంత ఓపిక ఎవరికీ ఉండదు. ఒకటి పెట్టండి, దాని గురించి ఒక ప్రశ్న అడగండి.

తర్వాతిది చాలా కష్టం: వాళ్లు చెప్పడం పూర్తయ్యేదాకా వివరణ ఇవ్వకుండా ఉండటం. "అక్కడ చోటు లేదండీ", "లైటు తీయమంటే బాగోదని అడగలేదండీ", "ఆ రోజు మబ్బు పట్టింది" లాంటివి నాలుక చివరిదాకా వస్తాయి. అవన్నీ నిజాలే. కానీ రేపు ఆ ఫోటో చూసే కొత్తవాళ్ల పక్కన మీరు నిలబడి ఇవన్నీ చెప్పలేరు కదా. పైగా మీరు వివరణ మొదలుపెట్టగానే చెబుతున్నవాళ్లు తమ చూపును వదిలేసి మీ మాటకు తలూపడం మొదలుపెడతారు. అడిగినందుకు దక్కాల్సింది అక్కడితో పోతుంది. వినండి, వాళ్ల మాటల్లోనే రాసుకోండి, థాంక్స్ చెప్పండి. అర్థం కాకపోతే "ఫోటోలో ఏ చోట?" అని మాత్రం అడగండి. "కంపోజిషన్ వీక్" అన్న పెద్దమనిషినీ అదే అడిగి చూడండి. చాలామంది పెద్దవాళ్లు అడిగితే ఆనందంగా విడమర్చి చెబుతారు. ఒక ముక్కతో సరిపెట్టడానికి కారణం చాలాసార్లు తీరిక లేకపోవడమే.

రాసుకున్నవి ఒక రాత్రి పక్కన పెట్టి మర్నాడు చూడండి. అప్పుడు ఒక విషయం తేలుతుంది. మీ మగ్గం ఫోటోకు ఒకరు కుడివైపు క్రాప్ చేయమన్నారు. ఇంకొకరు వెనకాల బ్లర్ చేయాల్సింది అన్నారు. మూడో మనిషి అంచులు నల్లగా చేయమన్నారు. మూడూ వేరువేరు సలహాలు, ఒకదానితో ఒకటి పొసగవు, అందుకే మీకు తల తిరుగుతోంది. కానీ ముగ్గురూ తడబడింది ఒకే చోట, గోడ మీది ఆ వెలుగు దగ్గర. ముగ్గురి కళ్లు ఒకే చోట తడబడ్డాయంటే అక్కడ ఏదో ఉంది, దాన్ని నమ్మండి. మందు ఏమిటన్నది మాత్రం మీరే తేల్చుకోవాలి, ఎందుకంటే ఆ గదిలో నిలబడింది మీరు. రెండడుగులు జరగవచ్చన్న సంగతి ఫోటో చూసినవాళ్లకు పూర్తిగా తెలియదు. నేను పైన చెప్పినదాన్నీ ఇలాగే తీసుకోండి. ట్యూబ్‌లైటు మీద నా చూపు ఆగిందన్నది ఖాయం. గుంజ వెనక్కి వెళ్తుందన్నది నా అంచనా.

ఒకే ఒక్కరు ఒక మాట అని, మిగతా ఎవరికీ అది కనబడకపోతే తొందరపడి మార్చకండి. కొందరికి బ్లాక్ అండ్ వైట్ అంటే ప్రాణం, ఏది చూపించినా రంగు తీసేయమంటారు. ఇకత్ గుడ్డ ఫోటోలో రంగు తీసేస్తే మిగిలేదేముంది? అది వాళ్ల అభిరుచి, గౌరవంగా విని వదిలేయవచ్చు.

మీ మిత్రులంతా నెలకోసారి కూర్చుని ఫోటోలు చూసుకుంటారని రాశారు. ఆ కూర్చోవడానికి ఒక వరుస పెట్టుకుంటే చాలా మారుతుంది. అమెరికన్ నృత్య దర్శకురాలు లిజ్ లెర్మన్ 1990లో కళాకారుల కోసం రూపొందించిన పద్ధతి ఒకటుంది. నాట్యం కోసం మొదలైనా ఫోటోలకు చక్కగా కుదురుతుంది. ముందు చూసినవాళ్లు తమకు ఏది తాకిందో, ఏది గుర్తుండిపోయిందో చెబుతారు. తర్వాత తీసినవాళ్లు తమ సందేహాలు అడుగుతారు. ఆ తర్వాత చూసినవాళ్లు ప్రశ్నలు వేస్తారు, అయితే ప్రశ్నలో అభిప్రాయం దాచకూడదు. "ఇంత చీకటిగా ఎందుకు తీశావు?" అన్నది ప్రశ్న వేషంలో ఉన్న తీర్పు. "వెలుగు గురించి ఏం ఆలోచించావు?" అన్నది ప్రశ్న. అభిప్రాయాలు చివర్లో, అదీ "ఫ్రేము అంచుల గురించి నాకొక అభిప్రాయం ఉంది, చెప్పనా?" అని అడిగి. వద్దంటే వద్దే. మన దగ్గర ఈ అడగడం మొదట్లో కాస్త ఎబ్బెట్టుగా అనిపిస్తుంది. రెండు మూడు సార్లు కూర్చున్నాక అలవాటవుతుంది, మాట్లాడనివాళ్లు కూడా మాట్లాడతారు. తీసినవాళ్ల పేరు చెప్పకుండా ఫోటో మాత్రమే చూపించడం కూడా మంచిదే, పెద్దా చిన్నా మొహమాటం సగం తగ్గుతుంది.

అడగని ఫోటోలకు ఫీడ్‌బ్యాక్ ఇవ్వకండి. పాప మొదటి పుట్టినరోజు, ఊళ్లో తాతయ్య ఇంటి అరుగు, పోయినవాళ్ల జ్ఞాపకం, ఇలాంటివి పెట్టినప్పుడు హొరైజన్ వంకరగా ఉందని చెప్పడానికి ఎవరికీ హక్కు లేదు. సందేహంగా ఉంటే విడిగా మెసేజ్ పెట్టి "అభిప్రాయం కావాలా?" అని అడగండి. కొత్తవాళ్లకైతే లోపాలు నలుగురిలో కంటే విడిగా చెప్పడమే మంచిది. మెచ్చుకోలు నలుగురిలో చెప్పండి.

ఎంత గట్టి విమర్శ వచ్చినా ఫోటో డిలీట్ చేయకండి. పైన చెప్పిన స్ట్రైకర్ గురించే ఇంకో సంగతి ఉంది. ఆయన తన ఫోటోగ్రాఫర్లకు రాసిన ఉత్తరాలు, ఏమేం తీయాలో పంపిన జాబితాలు చాలా ఉపయోగకరమైనవి. ఊళ్లో మనుషులు సాయంత్రం ఎక్కడ చేరతారు, ఇంట్లో గోడల మీద ఏముంటుంది అన్నంత వివరంగా ఉండేవి. అదే మనిషి తనకు నచ్చని నెగటివ్‌లకు 1930ల చివరి దాకా కంతలు కొట్టేవాడు, ఇంకెవరూ వాడకుండా. ఫోటోగ్రాఫర్లు మొత్తుకున్నారు. ఆ నెగటివ్‌లు ఇప్పుడు లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో ఉన్నాయి, పొలాల మధ్యా ముఖాల మీదా నల్లటి గుండ్రటి మచ్చలతో. వాటిలో ఎంతో మంచివి ఉన్నాయి, కంతలు మాత్రం పూడవు. ఆయనంతటి చూపున్న మనిషే కాదన్నవి ఈ రోజు మనం విలువైనవని చూస్తున్నాం. మీ రా ఫైళ్లు ఒక హార్డ్ డిస్కులో పెట్టుకోండి. రెండేళ్ల తర్వాత తెరిచి చూస్తే, అప్పుడు పక్కన పడేసిన వాటిలో మీకే కొన్ని నచ్చుతాయి.

ఇక సాలన్ల సంగతి. పంపండి, తప్పులేదు, కానీ ఫీడ్‌బ్యాక్ కోసం కాదు. అక్కడ జడ్జీల ముందుకు ఫోటోలు వరుసగా వస్తాయి, ఒక్కొక్కదానికి దక్కేది కొన్ని సెకన్లు, మీకు తిరిగి వచ్చేది ఒక అంకె. ఎంపిక కాలేదన్న అంకెలోంచి ట్యూబ్‌లైటు అడ్డొచ్చిందా, అలాంటి మగ్గం ఫోటోలు ఆ రోజు అప్పటికే బోలెడు వచ్చాయా అన్నది తెలియదు. పేరున్న నేత ఊళ్ల నుంచి అలాంటి ఫోటోలు చాలానే వెళ్తుంటాయి. అంకె చూసి కుంగిపోవడానికీ లేదు, పొంగిపోవడానికీ లేదు. అయితే కొన్ని చోట్ల జడ్జింగ్ బహిరంగంగా జరుగుతుంది, ఎవరైనా వెళ్లి వెనక కూర్చోవచ్చు. అలాంటిది మీకు దగ్గర్లో ఉంటే మీ ఫోటో పంపకపోయినా వెళ్లండి. తెర మీద ఫోటో పడగానే జడ్జీల కంటే ముందు మీరు ఒక కాగితం మీద మీ కన్ను ఎక్కడికి పోయిందో రాసుకోండి. విరామంలో జడ్జీల దగ్గరికి వెళ్లి, అందులో ఏదో ఒక ఫోటో గురించి "దీన్ని ఎందుకు ఉంచారు సార్?" అని అడగండి, చాలామంది ఓపిగ్గా చెబుతారు.